జనరల్ పోయాక మా వరండాలో

అనువాదం పనిలోకి కొత్తగా దిగే పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ముందుగా అడిగేది ఒకటే, ఏ నిఘంటువు కొనమంటారు మేడం అని. ఏదో ఒకటి కొనుక్కోండి గానీ ముందు మంచి వరండా ఒకటి చూసుకోండి అంటాను. ముసలావిడకు చాదస్తం పట్టిందనుకుని, కాఫీ తాగి, దండం పెట్టి వెళ్లిపోతారు. వచ్చిన ప్రతివాళ్లకూ ఇదంతా మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. మాది బోగోలు దగ్గర సముద్రం ఒడ్డు. నెల్లూరులో మిషన్ స్కూల్లో చదువుకున్నాను, కొన్నాళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను, ఆ తర్వాత పనిచేసిన కాలమంతా ఒక చిన్న ప్రచురణ సంస్థలో పరాయి దేశాల నవలల్ని ఇంగ్లీషులోంచి తెలుగులోకి దించుతూ గడిపాను. పోయినేడు కళ్లు మొరాయించడంతో మానేశాను. ఎన్ని పుస్తకాలు చేశానో, ఏ సభలో ఎవరు శాలువా కప్పారో చెప్పను. ఆ శాలువాలు దిండు గలేబులుగా బాగా పనికొచ్చాయని మాత్రం చెప్పగలను.

మా పెంచలరెడ్డి గారు

ఈ పనిలో జీతం ఎవరిచ్చినా అంతంతమాత్రమే కాబట్టి యజమాని ఎలాంటివాడన్నది చూసుకోవాలి. నా యజమాని పెంచలరెడ్డి గారు. వెంకటాచలం వైపు వరి పొలాలున్న కుటుంబం. వాళ్ల నాన్న, పెద్దరెడ్డి గారు, ఇంట్లో చిన్నసైజు ప్రభుత్వం నడిపిన మనిషి. రేడియో ఎప్పుడు పెట్టాలో, ఎవరి జుట్టు ఎంత ఉండాలో, ఏ కూతురు ఏ రంగు చీర కట్టాలో అన్నీ ఆయనే చెప్పాలి. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఆయనే తేల్చాలి. ఒకసారి ఆయనకు గట్టిగా జలుబు చేసి నోటికి రుచి తెలియలేదట. ఉప్పు వెయ్యడం మరిచిపోయిన పులుసును నోట్లో పెట్టుకుని "సరిపోయింది" అన్నాడు. ఇంటిల్లిపాదీ ఆ చప్పిడి పులుసును మారు మాట్లాడకుండా తిని లేచారు. పెంచలరెడ్డి గారు ఈ కథ చెప్పి తానే పడీ పడీ నవ్వేవారు.

పెద్దరెడ్డి గారు పోయాక ఈయన నెల్లూరులో ప్రెస్సు పెట్టి పుస్తకాలు వెయ్యడం మొదలుపెట్టారు. ఇకమీదట తన నీడలో ఎవరికీ 'వద్దు' అనే మాట వినిపించకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టుతో మేం పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. టీయా కాఫీయా అన్నదానికి ఓటింగు. ఫ్యాను ఎంత జోరుగా తిరగాలన్నదానికి ఓటింగు. ఒక నవలకు అట్ట ఏ రంగులో ఉండాలని ఓట్లు వేయిస్తే మూడు రంగులకూ సమానంగా వచ్చాయి. ఎవరి మనసూ నొప్పించకూడదని మూడూ వేయించారు. ఆ పుస్తకాన్ని ఐస్‌క్రీములు చేసే పద్ధతులు చెప్పే పుస్తకం అనుకుని కొన్నవాళ్లున్నారు.

ఆయన పెట్టిన మంచి పద్ధతి కూడా ఒకటుంది. అదే వరండా. శనివారం సాయంత్రం పని కట్టేశాక ప్రెస్సు వరండాలో కూర్చునేవాళ్లం. ఆ వారం నేను చేసిన అధ్యాయం పైకి చదివేదాన్ని. బైండింగ్ చేసే కోటమ్మ మొదలుకొని, ఇంట్లో కూరగాయలు తరగడం తప్పించుకోవాలని వచ్చిన పక్కింటాయన వరకు ఎవరైనా వినొచ్చు. ఏదైనా వాక్యం అబద్ధంగా తోస్తే చెయ్యెత్తి "నమ్మను" అనాలి. ఎత్తినవాళ్లను ఎందుకని అడగకూడదు. అనిపించుకున్నవాళ్లు వాదించకూడదు. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని, వచ్చే శనివారానికి మళ్లీ రాసుకుని రావాలి.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. నేను చదివిన ఇంగ్లీషు చదువేమిటి, ఈ చేతులెత్తడమేమిటి అని. ఒక నవలలో మొగుడు పొద్దున్నే పెళ్లాన్ని ముద్దుగా పొగిడితే కోటమ్మ చెయ్యెత్తింది. "నమ్మనక్కా. అంత పొద్దున ఎవురూ అట్ట మాట్లాడరు. వీడేందో తప్పు చేసినాడు," అంది. వాడు ఏ తప్పూ చెయ్యలేదు. నిజంగానే మంచివాడు. పుస్తకం అయిపోయేదాకా కోటమ్మ వాడు ఎప్పుడు దొరుకుతాడా అని కాచుకుని కూర్చుంది, దొరకనందుకు ఆ రచయిత మీద ఇప్పటికీ కోపంగానే ఉంది. కానీ ఆ సాయంత్రం నేనొకటి గమనించాను. ఆ మొగుడి మాటల్ని నేను పెళ్లిపత్రిక భాషలో రాశాను. ఇంట్లో మాట్లాడుకునే భాషలో మళ్లీ రాస్తే చెయ్యి దిగింది. నాకు తెలిసిన విద్యలో సగం అలా నేర్చుకున్నదే.

పొడుగాడి కథ

ఇప్పుడు అసలు పుస్తకం సంగతికి వస్తాను. పేరు చెప్పను. చెబితే దాన్ని వెతుక్కుంటూ పోయి నేను చెప్పేది వినడం మానేస్తారు. సముద్రం ఒడ్డున ఒక దేశం. ఎన్నో ఏళ్లు దాన్ని ఏలిన జనరల్ చచ్చిపోతాడు. తెల్లారి రేడియోలో సైనిక గీతాలకు బదులు డాన్సు పాటలు మొదలవుతాయి. పిల్లలందరూ జుట్టు పెంచుతారు. ఎందుకంటే జనరల్ పొడుగు జుట్టు కనిపిస్తే నడివీధిలో కత్తిరించేవాడు. రేవు దగ్గర పాడుపడ్డ గోడౌన్లో గిటార్లు, గోడల మీద బొమ్మలు, పొగ, ఆ తర్వాత మత్తు సూదులు.

కథానాయకుడి పేరు ఎవరి నోరూ తిరిగేది కాదు. మనిషి పొడుగని రచయిత ఒకచోట అన్నాడు కాబట్టి కోటమ్మ వాడికి పొడుగాడని పేరు పెట్టింది. వాడి తల్లి బట్టలు కుడుతుంది. జనరల్ కాలంలో ఆమె ఒకటి నేర్చుకుంది, ఇంట్లోవాళ్లను ఏమీ అడగకూడదని. యాడికి పోయినావు, ఎవరితో ఉన్నావు అని అడిగితే జవాబు తెలిసిపోతుంది. తెలిస్తే, రేపు ఎవరో వచ్చి కొట్టినప్పుడు చెప్పెయ్యాల్సి వస్తుంది. అలా ఏమీ అడగకుండా భర్తను కాపాడుకుంది. జనరల్ పోయాడు, ఆమె అలవాటు మాత్రం పోలేదు. కొడుకు కళ్లు ఎర్రబడి ఇంటికొస్తే కంచం పెట్టి మిషను దగ్గరికి వెళ్లిపోతుంది.

నియంతలు పోయిన దేశాల నవలలు నేను ఆ తర్వాత చాలానే చదివాను. వాటిలో కుర్రాళ్లు ఏదో ఒకటి తాగుతూ, పీలుస్తూ ఉంటారు. మనవాళ్లలో కొందరు స్వేచ్ఛ ఇస్తే ఇలాగే చెడిపోతారని తల పంకిస్తారు. ఇంకొందరు అదే విప్లవమని చప్పట్లు కొడతారు. రెండు రకాలవాళ్లూ పుస్తకం సరిగ్గా చదవలేదని నా అభిప్రాయం. మా పుస్తకంలో పొడుగాడే ఒకచోట అంటాడు, జనరల్ పోయాడనుకుంటే ఇప్పుడు నేను ఎప్పుడు లేవాలో ఎప్పుడు పడుకోవాలో చెప్పేవాడు ఇంకొకడు వచ్చాడు, వీడు నా జేబులోనే ఉంటాడు అని. ఇక్కడ స్వేచ్ఛనూ తిట్టలేం, పొగనూ మెచ్చుకోలేం. ఇళ్లలో పెద్దవాళ్లు నోరు తెరవడం మరిచిపోతే పిల్లలకు ఏమవుతుందో, అది ఆ పుస్తకం.

ఆ రోజుల్లో చర్చిలో పాస్టరు గారు "ఇప్పుడు ఏ పుస్తకం చేస్తున్నావమ్మా?" అని అడిగారు. "దుర్మార్గుడైన పాలకుడు పోయాక ఒక తల్లీ కొడుకూ ఎట్ట బతికినారో అండి," అన్నాను. ఆయన ఎంతో సంతోషించి ప్రార్థన కూడా చేశారు. గోడౌన్ సంగతి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

పొగ పేజీ

పొడుగాడు మొదటిసారి గంజాయి తాగే పేజీ దగ్గర నాకు చెయ్యి ఆడలేదు. మా ఊళ్లో కల్లు తాగినవాళ్లను చూశాను గానీ ఇది నాకు తెలియని సంగతి. మూలంలో ఉన్నవి నాలుగు పొట్టి వాక్యాలు. అవి మరీ బోసిగా ఉన్నాయనిపించి, చిన్నప్పటినుంచి చర్చిలో విన్న బైబిలు దర్శనాల భాషంతా తెచ్చి అక్కడ పోశాను. ఆకాశం తెరుచుకుంది, ఏడు రంగుల రెక్కలు విచ్చుకున్నాయి, వెలుగు నదిలా పారింది. నాలుగు వాక్యాలు పేజీన్నర అయ్యాయి. రాసుకుని మురిసిపోయాను కూడా.

ఆ శనివారం నా గొంతు పోయింది. పెంచలరెడ్డి గారి అబ్బాయి కార్తీక్ ఇంటికొచ్చి ఉన్నాడు. ఇంజనీరింగ్ అయ్యాక ముత్తుకూరులో పోర్టుకు సంబంధించిన ఏదో ఆఫీసులో చేరి, అక్కడే స్నేహితులతో గది తీసుకుని ఉండేవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఏనాడూ ఒక్క మాట అనలేదు. వాడు జుట్టు పెంచి పిలక వేసుకుంటే బాగుందన్నారు, ఆ పిలకకు ఆకుపచ్చ రంగు వేయించుకుంటే ఇంకా బాగుందన్నారు. కుర్రవాడి కథకు కుర్ర గొంతు బాగుంటుందని నేనే కాగితాలు వాడి చేతికిచ్చాను.

బాగా చదివాడు. రెక్కల దగ్గరికి వచ్చేసరికి వాడికి నవ్వు ఆగలేదు. చదువుతున్నవాడే చెయ్యెత్తాడు.

"నమ్మను ఆంటీ. రెక్కలూ గిక్కలూ ఏం రావు. ముందు ఉత్తపుణ్యానికి నవ్వొస్తాది. తర్వాత గేటు చప్పుడైనా ఎవురో మనకోసరమే వస్తుండారని బయ్యమేస్తాది. తెల్లారితే ఏ పనీ మొదలుపెట్టబుద్ధి గాదు. అంతే."

అన్నాక వాడికే అర్థమైంది. కాగితాల్లోకి తల దించుకున్నాడు. కోటమ్మ నా వైపు చూసింది. పెంచలరెడ్డి గారు ఫ్యాను వైపు చూశారు. నీకెట్ట తెలుసురా అని ఎవరూ అడగలేదు. చెయ్యెత్తినవాళ్లను ఎందుకని అడగకూడదన్నది ఆయన పెట్టిన నియమమే కదా. ఆ వరండా ఎవరి నోరూ నొక్కకుండా ఉండాలని పెట్టిన నియమం, ఆ పూట మా అందరి నోళ్లూ నొక్కింది.

నేను పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. ఇంటికెళ్లి రెక్కలన్నీ కొట్టేసి, నాలుగు పొట్టి వాక్యాలే రాశాను. మొత్తం పుస్తకంలో అంత మంచి పేజీ ఇంకొకటి కుదరలేదు. ముందు అనువాదకురాలిగా సంబరపడ్డాను, ఆ పిల్లవాడి గురించి దిగులు ఆ తర్వాతే వచ్చింది. ఈ పనిలో ఎక్కువ కాలం ఉంటే మనుషులు ఇలాగే తయారవుతారు, జాగ్రత్త.

తీసెయ్యడం, కలపడం

సోమవారం పెంచలరెడ్డి గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. కూర్చోలేదు.

"ఆ గోడౌను అధ్యాయం తీసెయ్యమ్మా."

"ఓటు పెడదామా?" అన్నాను.

"ఓటూ లేదు గీటూ లేదు. నేను చెప్తుండా, తీసెయ్."

ఆయన నోట అలాంటి మాట నేను ఏనాడూ వినలేదు. ఆయనా వినలేదనుకుంటాను. కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చున్నారు.

"మా నాయన మాదిరి అన్నానా?"

"అచ్చం."

కాసేపు నా పెన్సిల్ తీసుకుని అటూ ఇటూ దొర్లించారు. "సరే, ఉండనీ. కానీ ఆ తల్లి చేత ఒక్క మాటన్నా అడిగించమ్మా. ఏం తాగుతుండావురా అబ్బయ్యా అని. ఒక్క ముక్క. ఆ రచయిత ఈడికొచ్చి చూస్తాడా ఏంది?"

కొత్తవాళ్లకు ఇక్కడ చెప్పాల్సింది ఉంది. పుస్తకంలోంచి తీసెయ్యమని అడిగే యజమానులు బోలెడుమంది ఉంటారు, వాళ్లతో ఎలాగో నెగ్గుకు రావచ్చు. కలపమని అడిగేవాళ్లతోనే కష్టం. వాళ్లు మంచి మనసుతో అడుగుతారు. మీకూ కలపాలనే ఉంటుంది. నాకైతే ఎంత ఉండిందో చెప్పలేను. ఆ తల్లి మిషను ముందు కూర్చున్న ప్రతిసారీ ఆమె భుజం పట్టుకుని ఊపాలనిపించేది. కానీ ఆమె అడగదు. అడగకపోవడమే ఆ పుస్తకం. మన వాక్యం ఒకటి అందులో పెట్టి ఆమెను మంచి తల్లిని చేస్తే చదివేవాళ్లందరూ ఊపిరి పీల్చుకుని పుస్తకం మూసేస్తారు.

అదే చెప్పాను. "పుస్తకంలో ఆమె అడగదు రెడ్డిగారూ. మీరు అడగండి."

"నేనా? ఎట్ట అడిగేదమ్మా?" ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "మా నాయన అడిగితే మేం పంచలు తడుపుకునేవాళ్లం. నేను నోరు తెరిస్తే ఆయనే వస్తాడని బయ్యం. ఇప్పుడు జూసినావు గదా, నీ ముందరే వచ్చినాడు."

నాకు ఆయన మీద జాలేసింది, కోపమూ వచ్చింది. అన్నిటికీ ఓట్లు వేయించిన మనిషి, కన్నకొడుకు ఎలా ఉన్నాడని అడగలేక పరాయి దేశపు కుట్టుపని ఆవిణ్ని పంపిద్దామని చూస్తున్నాడు. ఆ మాట అనలేదు. అనువాదకులకు జవాబులు ఎప్పుడూ ఇంటికెళ్లాకే తోస్తాయి.

చివరి అధ్యాయం

చివరి అధ్యాయం చదివిన శనివారం నా గొంతు బాగానే ఉంది. అయినా కాగితాలు కార్తీక్‌కే ఇచ్చాను. వాడు ఆ వారం మనిషి నలిగిపోయి ఉన్నాడు. చొక్కా లూజైంది, పిలకలో పచ్చరంగు వెలిసిపోయింది. పెంచలరెడ్డి గారు ఫ్యాను కింది కుర్చీ వదిలేసి వాడికి ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

చివర్లో పొడుగాడు వర్షంలో తడిసి ఇంటికొస్తాడు. తల్లి తువ్వాలు ఇస్తుంది. వాడు గుమ్మంలో చాలాసేపు నిలబడతాడు. ఏదైనా అడుగుతుందేమోనని చూస్తాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తుంది. వాడు తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టి మళ్లీ బయటికి వెళ్లిపోతాడు. అక్కడితో పుస్తకం అయిపోయింది.

"అడగదే ఈ మనిషి!" అంది కోటమ్మ. చేతిలోని జిగురు బ్రష్షు నేలకేసి కొట్టింది. "నోట్లో దారమన్నా తీసి అడగొచ్చు గదా!"

ఎవరూ చెయ్యెత్తలేదు. అందరం నమ్మాం. అదే బాధ. కార్తీక్ కాగితాలు సర్ది నాకు ఇవ్వబోయాడు. అప్పుడు పెంచలరెడ్డి గారు గొంతు సవరించుకున్నారు.

"నువ్వెట్ట ఉండావురా?"

చాలా మామూలుగా అడిగారు, బస్టాండులో కలిసినవాణ్ని అడిగినట్టు. కార్తీక్ కూడా అలాగే చెప్పాడు.

"బాగుండా నాన్నా. నాకేం."

పెంచలరెడ్డి గారు చెయ్యెత్తారు. ఆ చెయ్యి ఎత్తడానికి ఆయనకెంత కష్టమైందో ఎదురుగా కూర్చుని చూశాను. ముందు మోకాలి మీంచి లేచింది, ఆగింది, మళ్లీ లేచింది.

"నమ్మను," అన్నారు.

అనిపించుకున్నవాళ్లు వాదించకూడదు. ఆ నియమం కార్తీక్‌కు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. వాడు నవ్వబోయి మానుకున్నాడు. కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మళ్లీ చెప్పేదా?" అన్నాడు.

"చెప్పు. మొదట్నుంచి చెప్పు. నేను మాట్టాడను."

కోటమ్మ నా రెట్ట పట్టుకుని లేపింది. "పదక్కా, టీ తాగొద్దాం." పక్కింటాయన కదలకపోతే ఆయన్నీ లేపింది. ఆ రోజు టీయా కాఫీయా అని ఎవరూ ఓటు అడగలేదు. గేటు బయట నిలబడి గ్లాసులు పట్టుకుని చాలాసేపు ఉన్నాం. లోపల కొడుకు గొంతు ఒక్కటే వినిపించింది, మాటలు తెలియలేదు. తండ్రి గొంతు వినపడలేదు. అంత మాటకారి మనిషి ఆ రోజు మాట నిలబెట్టుకున్నారు.

తర్వాత సంగతులు

తర్వాత జరిగినవి చెప్పుకోడానికి అంత బాగుండవు. ముత్తుకూరు గది ఖాళీ చేశారు. ఆసుపత్రి చుట్టూ తిరిగారు. డాక్టరు గారి ఎదుట పెంచలరెడ్డి గారు రెండు మూడుసార్లు పెద్దరెడ్డి గారై అరిచారు, బయటికొచ్చి కొడుక్కి సారీ చెప్పారు. 'వద్దు' అనే మాట ఇంట్లోకి తిరిగొచ్చింది. దాంతో కొంప మునగలేదు. పుస్తకం గోడౌనుతో సహా, అడగని తల్లితో సహా అచ్చయింది. అట్ట ఒకే రంగు. కార్తీక్ ప్రెస్సులోనే చేరి ఇప్పుడు అట్టల మీది బొమ్మలు వాడే వేస్తున్నాడు. పిలక అలాగే ఉంది.

మీరు ఈ పనిలోకి వస్తే తెలియని సంగతి తెలిసినట్టు రాయకండి. రెక్కలు కనిపిస్తే అనుమానపడండి. రాసింది పైకి చదవండి, చెయ్యెత్తే మనుషుల్ని దగ్గర పెట్టుకోండి, వాళ్లకు టీ పోయండి. నేను చెప్పగలిగింది ఇంతే.

ఈ రాసిందంతా పోయిన శనివారం ఆ వరండాలోనే చదివాను. చదవకుండా అచ్చుకు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. కార్తీక్‌నూ, వాళ్ల నాన్ననూ ముందే అడిగి ఒప్పించుకున్నాను. అట్టల సంగతి తర్వాత ఇంకో వాక్యం ఉండేది. "ఆ తర్వాత కార్తీక్ మళ్లీ దాని జోలికి పోలేదు" అని. ముగింపుకు బాగుంటుందని రాసుకున్నాను.

కార్తీక్ చెయ్యి లేచింది.

"నమ్మను ఆంటీ. మళ్లా ఒకసారి పోయినా. ఆ పొద్దే నాన్నకు చెప్పినా."

పెంచలరెడ్డి గారి వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూడలేదు. "చెప్పినాడమ్మా. రాసుకో," అన్నారు.

వాదించలేదు. పెన్సిల్‌తో ఆ వాక్యం కొట్టేసి, అక్కడే కూర్చుని మళ్లీ రాశాను. ఆ తర్వాత కార్తీక్ మళ్లీ ఒకసారి దాని జోలికి పోయాడు. ఆ రోజే వాళ్ల నాన్నకు చెప్పాడు.

పైకి చదివాను. ఎవరూ చెయ్యెత్తలేదు.